ఎనిమిది మూరల ధోవతి

పాలమూరు,
నవంబరు 1961.

కాళ్ళు మగ్గం గుంటలో, కళ్ళు పడుగు మీద పెట్టుకుని కూర్చునే మా గండయ్య మామకు, హాస్టలు మెట్ల మీద కూర్చుని నర్సు పెట్టే దండాలు.

మామా, నువ్వు సైదులు చేతికిచ్చి పంపిన ధోవతి నిన్న అందింది. పొట్లం విప్పగానే గది నిండా గంజి వాసన. నా పక్క మంచం వాడు ఎవరో అంబలి కాస్తున్నారనుకుని పళ్ళెం పట్టుకుని వచ్చాడు. ఆ తెలుపును ఏమని వర్ణించను? పాల నురుగు అందామంటే ఇక్కడ హాస్టలు పాలకు నురుగు రాదు, ఎవరికీ అర్థం కాదు. అంచు పొడుగునా అక్కడక్కడ నువ్వు దూర్చిన ఎర్ర పోగులు చూసి మాత్రం పొంగిపోయాను. "వెన్నెల ఒడ్డున నిలబడి తొంగిచూస్తున్న తొలి సూర్యకిరణాలు" అని వెంటనే ఒక వాక్యం కట్టాను. రామచంద్రయ్య సారుకు వినిపిస్తే, "బాగుంది, సగం తీసెయ్" అన్నారు.

ఈ రామచంద్రయ్య సారే మాకు తెలుగు చెబుతారు. వచ్చే నెల మా బడి వార్షికోత్సవంలో మాట్లాడడానికి నన్ను ఎంచింది కూడా ఆయనే. విషయం "చేతివృత్తుల ఘనత". ధోవతి కట్టుకుని మాట్లాడాలన్నారు. మిగతా పిల్లలు బజారులో మిల్లు ధోవతులు కొంటామంటే నేను లేచి నిలబడి, "మా మామ నేసినదే కట్టుకుంటాను. అది కాకపోతే వేదిక ఎక్కను" అని అందరి ముందు అన్నాను. చప్పట్లు కొట్టారు.

అయితే ఒక చిన్న చిక్కు వచ్చింది. ధోవతి మోకాలు దాటి కిందికి రావడం లేదు. ముందు కుచ్చిళ్ళు పెడితే వెనక గోచీకి బట్ట లేదు. గోచీ పెడితే కుచ్చిళ్ళు లేవు. రెండూ కావాలంటే ఊపిరి పీల్చకూడదు. ఊపిరి పీల్చకుండా ఉపన్యాసం చెప్పడం సాధన చేస్తున్నాను గాని ఇంకా పట్టుబడలేదు.

నేసిన బట్టను పెద్దది చేసే ఉపాయం ఏదైనా ఉంటే రాయగలవా? తడిపి ఇద్దరు చెరో కొస పట్టి లాగితే సాగుతుందా? లాగడానికి ఇక్కడ పిల్లలు చాలామంది ఉన్నారు.

నీ అల్లుడు,
వెంకటనర్సు.

తా.క.: దీపావళికి వస్తానని రాసి రాలేకపోయాను. బడి గ్రంథాలయంలో పుస్తకాలను అక్షరక్రమంలో సర్దే పని నాకు అప్పగించారు. ప్రస్తుతం "క" దగ్గర ఉన్నాను. "క"తో ఎన్ని పుస్తకాలున్నాయో నీకు తెలియదు మామా.

*

చిట్యాల.

అల్లుడు నర్సుకు మామ గండయ్య రాసేది. నేను బాగున్న, మీ అత్త ఆండాళు బాగుంది, మగ్గం బాగుంది. నీ ఉత్తరం చదివినంక ఈ ముగ్గురిల మగ్గం ఒక్కటే బాగుంది.

బిడ్డా, మీసం రాకముందు సంది నేస్తున్న. సంతల నా బట్ట చూసి ధర ఎక్కువన్నోడున్నడు, రంగు దిగిందన్నోడున్నడు. తక్కువ వచ్చిందన్నోడు మాత్రం ఇప్పటిదాక పుట్టలె. పుట్టి పుట్టి మా అక్క కడుపుననే పుట్టిండు.

ధోతి పొడుగు ఎనిమిది మూరలు. పన్న, అంటే వెడల్పు, రెండున్నర మూరలు. నేనే కొలిచిన, నేనే నేసిన. నీకు కట్టుడు వస్తలేదు, గంతే. చెప్త ఇను. గోడకు ఆనుకొని నిలబడు. ఒక కొస పండ్ల నడుమ పట్టుకో. రెండో కొస నడుము చుట్టు తిప్పు. గంతసేపు ఎవ్వలతోని మాట్లాడకు. నీకు గదే కష్టం, నాకు ఎరుకే.

సాగదీసుడు మాట ఇంకోపాలి ఎత్తకు. బట్ట పెద్దగ కావాలంటే పడుగు పోసేనాడే పెద్దగ పొయ్యాలె. మగ్గం దిగినంక బ్రహ్మదేవుడు వచ్చినా బెత్తెడు కలపలేడు.

నీ ఉత్తరం మీ అత్తకు చదివి వినిపించిన. "అయ్యో, పోరడు లావైండు! హాస్టలు కూడు ఒంటికి పట్టింది!" అని ఎగిరి గంతేసింది. నేను సమజ్ చేసేలోపలనే వాడకట్టంత చెప్పొచ్చింది. ఇప్పుడు చిట్యాలల నువ్వు పైల్వాన్‌వు.

ఇట్లు,
గండయ్య.

తా.క.: నువ్వు లావైతే పోచమ్మకు కోడినిస్తనని మీ అత్త ఎప్పుడో మొక్కిందట. అయినా కాకున్నా అయిననే రాయి. కోడిని కోసినం.

*

పాలమూరు.

కోడికూర తిని చేతులు కడుక్కున్న మామకూ అత్తకూ, ఎముకల గూడు లాంటి నర్సు నమస్కారాలు.

నేను లావు కాలేదు. సారు నా పక్కటెముకల మీద వేలు పెట్టి పిల్లలకు గురువులూ లఘువులూ నేర్పించవచ్చు.

నువ్వు చెప్పినట్టే చేశాను మామా. గోడకు ఆనుకుని, ఒక కొస పళ్ళతో పట్టుకుని, రెండో కొస తిప్పుతూ ఉంటే వార్డెను వచ్చారు. "ఏం చేస్తున్నావు?" అన్నారు. నువ్వు మాట్లాడవద్దన్నావు కదా, మాట్లాడలేదు. "నీ పేరేమిటి?" అన్నారు. మాట్లాడలేదు. సాయంత్రం దాకా ఆ గోడకే ఆనుకుని నిలబడమన్నారు. అలా నిలబడి ఉండగా ఒక ఆలోచన వచ్చి, ధోవతిని నా చేతితో నేనే కొలిచాను.

మామా, కోపం తెచ్చుకోకు. ఎనిమిది మూరలు లేదు. ఏడు కూడా నిండలేదు. నాలుగు వేళ్ళు తక్కువ. దారిలో ఏమైనా జరిగి ఉంటుందా? ఇది నింద కాదు, సందేహం మాత్రమే. ఈ రెండింటికీ ఉన్న భేదం సారు మొన్ననే చెప్పారు.

ఇప్పుడు సర్కారు "మీటరు" అనే కొత్త కొలత తెచ్చింది. బజారులో ధోవతి నాలుగు మీటర్లు ఉంటుంది. ఢిల్లీలో కొలిచినా మీటరే, కొత్తకోటలో కొలిచినా మీటరే. నువ్వూ మీటరుతో నేస్తే ఇలాంటి అనర్థాలు రావు కదా?

నీ అల్లుడు,
వెంకటనర్సు.

తా.క.: కోడికి నా ప్రగాఢ సానుభూతి. "గ్రంథాలయం ఎంతవరకు వచ్చింది?" అని మీరు అడగలేదు, అయినా చెబుతున్నాను. "చ" దగ్గరికి వచ్చాను.

*

చిట్యాల.

అల్లునికి మామ రాసేది. ఈపాలి మగ్గం గూడ బాగలేదు. నూలు లేక ఊకనే ఉంది. ఎందుకో ఇను.

నీ ఉత్తరం చేతుల పట్టుకొని సీద సైదులు ఇంటికి పోయిన. వాడు అరుగు మీద కూసోని కందులు చెరుగుతుండు.

"సైదులూ, మూర ముక్క ఏడ పెట్టినవ్?" అన్న.

"ఏం ముక్క?" అన్నడు.

"మా పోరని ధోతి ముక్క. పాలమూరు పోయేసరికి ఏడు మూరలే అయిందట."

"గండయ్యా, నాకు నలుగురు పిల్లలు. మూరెడు ముక్కతోని ఎవనికి అంగి కుట్టియ్యాలె? ఎవనికి కుట్టియ్యకుంటే ఎవడు ఊకుంటడు? దొంగతనం చేస్తే నలుగురికి సరిపోయేటంత చేస్త గని గింత చేస్తనా?"

"మరి మీ చిన్నోని నెత్తికి గా తెల్ల రుమాల ఏడిది?"

"నీ దగ్గర కొన్నదే! నువ్వే అమ్మినవ్! ఒక పోగు తక్కువుందని నేను బేరమాడితే తిట్టి అమ్మినవ్!"

వాని పెండ్లాం నర్సింగమ్మ లోపలికెల్లి వచ్చి, "అన్నా, మా ఇంట్ల నీళ్ళు తాగిన నోటితోనే గీ మాటంటవా?" అన్నది. చాట అరుగు మీద బోర్లిచ్చి తలుపేసుకున్నరు. నీకెరుకే గదా, నాకు నూలు తెచ్చేది వాడే, బట్ట సంతకు మోసేది వాడే. ఇప్పుడు నూలుకు నేనే నడిచిపోవాలె. పోతే పోనీ. సొంత అల్లుని బట్ట కోసినోనితోని దోస్తాన ఏంది?

ఇగ నీ మీటరు ముచ్చట. గా మీటరయ్య ఎవరు? ఆయన చెయ్యి ఎంత పొడుగు? మనిషిని చూడకుండ ఆయన కొలతతోని బట్ట ఎట్ల నేస్తరు? మన ఇంట్ల మా తాత కాలం సంది ఒకటే పద్ధతి. ఎవరి ఒంటి మీద బట్టకు వాళ్ళ మూర. పొట్టోనికి పొట్టి మూర, పొడుగోనికి పొడుగు మూర. గట్ల కొలిస్తే ఎనిమిది మూరలు ఎవనికైన సరిపోతయి. పెండ్లిపిల్లగాని ధోతి పెండ్లిపిల్లగాని చేతితోనే కొలుస్తం. నీ ధోతి గూడ నీ మూరతోనే కొలిచిన. ఫికర్ చెయ్యకు. తప్పు నాది కాదు, సైదులుది.

ఇట్లు,
గండయ్య.

తా.క.: "మ" ఎప్పుడొస్తదని మీ అత్త అడుగుతాంది. మామ అనే మాట గా అక్షరం కాడనే ఉంటది గదా, అప్పుడన్న మేము యాదికొస్తమేమో అని.

*

పాలమూరు,
డిసెంబరు.

మామకు నర్సు దండాలు. తొందరలో రాస్తున్నాను.

వార్షికోత్సవం దగ్గరపడింది. ఉపన్యాసం కంఠస్థమయింది. ధోవతి మాత్రం అలాగే ఉంది. నేను పెద్దది చేసే ఉపాయం అడిగాను. నువ్వు తాతల పద్ధతి రాశావు. తాతల మీద నాకు గౌరవం ఉంది. కాని ఈ పద్ధతి శాస్త్రీయం కాదు మామా. మనిషి చెయ్యి నేడు ఒకటి, రేపు ఒకటి. మీటరు ఎప్పటికీ ఒకటే. ఈ వాక్యం సారుకు వినిపిస్తే ఒక్క మాట కూడా తీసెయ్యమనలేదు. ఉపన్యాసంలో పెట్టుకోమన్నారు.

నువ్వు చెప్పకపోయినా ఆచరణకు పనికివచ్చే సలహా చెప్పే మనిషి నాకు ఇక్కడే దొరికాడు. బస్టాండు దగ్గర జానయ్య అని దర్జీ ఉన్నాడు. "తీసుకురా బిడ్డా, లోకంల పెద్దగ చెయ్యరాని బట్టనే లేదు" అన్నాడు. ఆ ధైర్యం చూసి నాకు ప్రాణం లేచివచ్చింది.

వెంకటనర్సు.

తా.క.: "త" దగ్గర ఉన్నాను. సెలవులకు కూడా రాలేనేమో.

*

చిట్యాల.

నర్సుకు మామ రాసేది. ఈ ఉత్తరం అందినంక ఏ పని చేస్తున్నా జర ఆపి మొత్తం చదువు.

"మనిషి చెయ్యి నేడు ఒకటి, రేపు ఒకటి" అని నువ్వు రాసింది మీ అత్తకు చదివి వినిపించి నేను పకపక నవ్విన. ఆమె నవ్వలె. లేచిపోయి, మగ్గం పక్క గోడల దోపిన పుల్ల తీసుకొచ్చి నా ముందట పెట్టింది.

"గిదేంది?" అన్నది.

"నర్సుగాని మూర పుల్ల. గా ధోతి దీనితోనే కొలిచిన."

"గిది ఎప్పుడు కోసినవ్?"

"వాడు పాలమూరు హాస్టలుకు పోయిననాడు. నీ ముందటనే కోసిన గదా. మోచేతి కాడికెల్లి నడిమి ఏలు కొసదాక."

"గప్పుడు వాడెంత ఉండె?"

నా నడుము కాడ చెయ్యి పెట్టి చూపిచ్చిన.

"ఇప్పుడెంత ఉన్నడు?"

చెయ్యి పైకి లేపిన. ఏడ ఆపాల్నో తెల్వలె.

బిడ్డా, నువ్వు పోయి నాలుగేండ్లాయె. నడుమ రెండుపాలి వచ్చినవ్. వచ్చినా పుస్తకంల తలకాయ పెట్టి ఓ మూలకు కూసున్నవ్. కూసున్న మనిషి పొడుగు ఎట్ల తెలుస్తది? మగ్గం మీద కూసుంటే నువ్వు ఎప్పటి తీరుగనే గుంటలకు కాళ్ళేసి, పోగు విసిరే నాడె నేనిస్త నేనిస్త అంటున్నట్టే ఉంటది. గా పోరనికే నేసిన ధోతి.

సిగ్గుతోని కోపమొచ్చి పుల్ల విరిచి పొయ్యిల పెట్టిన. మీ అత్త తిట్టింది. "తప్పు నీ కండ్లది, పుల్ల ఏం చేసింది?" అన్నది. గప్పుడు తెలిసింది నేనేం కాలబెట్టిన్నో.

గందుకే చెప్తున్న. అంచుల గా ఎర్ర పోగులు సూర్యకిరణాలు కావు. మూర మూరకు గుర్తు కోసం నేను దూర్చిన పోగులు. పోగుకూ పోగుకూ నడుమ గప్పటి నీ చెయ్యి ఉంది. పుల్ల లేదు గనుక ఇగ నీ చిన్నప్పటి చెయ్యి గా బట్టలనే ఉంది, ఇంకెక్కడ లేదు. దాన్ని కొయ్యకు, కుట్టకు, పెద్దగ చెయ్యకు. మడిచి భద్రంగ పంపు. నీకు ఇంకోటి నేస్త. నీ ఇప్పటి మూరకు సరిగ్గ ఒక దారం తెంపి కవర్ల పెట్టు. కాదంటే గా మీటరయ్యనే పంపు, ఆయనతోనే నేస్త.

సైదులు ఇంటికి పోయిన. తప్పు నాదే అని వాకిట్ల నిలబడి చెప్పిన. వాడు కందుల దిక్కు చూసిండు గని నా దిక్కు చూడలె. నర్సింగమ్మ చెంబుల నీళ్ళు తెచ్చి అరుగు మీద పెట్టి పోయింది. చేతికియ్యలె. అరుగు మీద పెట్టింది. గంతవరకు వచ్చింది.

ఇట్లు,
గండయ్య.

తా.క.: కోడి దండుగ కాలేదని మీ అత్త అంటాంది. లావు గాకుంటే పొడుగైండు గదా, పోచమ్మకు రెండూ ఒకటేనట.

*

పాలమూరు.

మామకు,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. నాకు ఇలా కావడం ఇదే మొదటిసారి.

నీ ఉత్తరం వార్షికోత్సవం అయిపోయిన మర్నాడు అందింది.

జానయ్య మొదట పొడవులోంచి ఒక ముక్క కోసి వెడల్పుకు కలిపాడు. ధోవతి చీలమండల దాకా వచ్చింది, నడుము చుట్టూ రాలేదు. వెడల్పులోంచి కొంచెం తీసి పొడవుకు కలిపాడు. నడుము చుట్టూ వచ్చింది, మళ్ళీ మోకాళ్ళ మీదికి పోయింది. కలిపిన ప్రతిసారీ కుట్టులోకి వేలెడు బట్ట పోయేది. పెద్దది చేసినకొద్దీ చిన్నదయింది. చివరికి కత్తెర కింద పెట్టి, తల గోక్కుని, "బిడ్డా, దీనితోని దిండు గలీబు ఫస్టుగ అయితది" అన్నాడు.

అది కాకపోతే వేదిక ఎక్కనని అన్నాను కదా. ఎక్కాను మామా. ఖాకీ లాగు మీద, మిగిలిన ముక్కల్లో పెద్దది ఒకటి భుజాన వేసుకుని ఎక్కాను. "నేతగాని చేతిలో ప్రతి పోగుకూ ఒక అర్థం ఉంటుంది" అన్నాను. చప్పట్లు కొట్టారు. ఏ పోగుకు ఏ అర్థమో అప్పటికి నాకు తెలియదు. "మనిషి చెయ్యి నేడు ఒకటి, రేపు ఒకటి" అని కూడా అన్నాను. దానికి ఇంకా ఎక్కువ చప్పట్లు కొట్టారు.

మొదటి బహుమతి నాకే వచ్చింది. మిల్లు ధోవతి. నాలుగు మీటర్లు. ఆ రాత్రే కట్టుకుని చూశాను. ముందు కుచ్చిళ్ళు వచ్చాయి, వెనక గోచీ వచ్చింది, పాదాల దాకా దిగింది. ఎక్కడా ఒక్క వేలు తక్కువ లేదు. అది నా కోసం కాదు, ఎవరి కోసమో తెలియకుండానే నేసిన బట్ట. అయినా సరిపోయింది. నువ్వు నేసింది మాత్రం నా కోసమే. దాన్ని కట్టుకోవలసిన ఆ చిన్నవాడే వెళ్ళిపోయాడు.

నీ ఉత్తరం చదివి జానయ్య కొట్టుకు పరుగెత్తాను. ముక్కలన్నీ అడిగాను. కొన్ని బొత్తాల సంచీ అయ్యాయి, ఒకటి ఇస్త్రీపెట్టె పట్టుకునే మసిగుడ్డ అయింది. "ఏం వెతుకుతున్నవ్ బిడ్డా?" అన్నాడు. ప్రతి ముక్క అంచూ తిప్పి చూశాను. కొన్నింటికి ఎర్ర పోగు ఒకటే ఉంది, కొన్నింటికి అసలు లేదు. రెండు పోగులూ ఉన్న ముక్క అక్కడ లేదు.

అది నా భుజం మీదిది. వేదిక మీద కండువాగా వేసుకున్నది. చప్పట్లు కొడుతున్నప్పుడు ముఖం తుడుచుకున్నది.

దాన్ని మంచం మీద పరిచి, మొదటి పోగు దగ్గర మోచెయ్యి ఆనించాను. రెండో పోగు నా వేళ్ళ మొదట్లోనే ఆగిపోయింది. వేళ్ళన్నీ బట్ట దాటి బయటే ఉన్నాయి. వేళ్ళు ముడిచాను. పిడికిలి బిగించాను. ఎంత ముడుచుకున్నా ఆ పోగు వెనక్కి రాలేకపోయాను.

దారం పంపడం లేదు. గ్రంథాలయం తాళంచెవి సారుకు ఇచ్చేశాను. "మ" దాకా పోలేదు. ఈ ఉత్తరం వెనకనే నేనూ వస్తున్నాను. వచ్చాక ముందు సైదులు వాకిట్లో నిలబడి తప్పు నాదని చెప్పాలి. నేను సందేహమని రాసింది ఆ వాకిట్లో నిందే అయింది. ఆ రెండింటికీ ఉన్న భేదం నాకు తెలియదని ఇప్పుడు తెలిసింది.

నీ
నర్సు.

తా.క.: ఆ ముక్కను తెస్తున్నాను. పోగులు ఊడిపోకుండా అంచు మడిచి ఇమ్మని జానయ్యకు ఇస్తే, "ఇంకో గుడ్డ కలిపి జర పెద్దగ చెయ్యన్నా?" అని అడిగాడు. కత్తెర తీసి దాచిపెట్టి, పని అయ్యేదాకా ఆయన పక్కనే నిలబడ్డాను.